98 నంబరు మ్యాపు

మొన్న అటక మీది పాత సూట్‌కేసు దించితే అడుగున గులాబీ అట్టతో ఒక మ్యాపు కనపడింది. బ్రిటన్‌లో ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళు వేసే ల్యాండ్‌రేంజర్ వరసలో 98 నంబరుది. వెన్స్‌లీడేల్, అప్పర్ వార్ఫ్‌డేల్ అని రెండు లోయల పేర్లు అట్ట మీద ఉంటాయి. మడతల దగ్గర చిరిగిన చోట ఎప్పుడో సెల్లోటేపు వేశారు, అది ఇప్పుడు బెల్లం రంగుకు తిరిగింది. హాల్లో నేలమీద పరుచుకుని కూర్చున్నాను. భోజనానికి రెండోసారి పిలిచేదాకా లేవలేదు.

మ్యాపు నిండా పెన్సిల్ రాతలున్నాయి. ఎక్కువ భాగం ఇంగ్లిషులో, ఒక పెద్దాయన రాసినవి. కొన్ని తెలుగులో, నావి. ఒకే ఒక్కటి మా నాన్నగారిది.

నేను ఉద్యోగం మీద 2011లో ఉత్తర ఇంగ్లండు, యార్క్‌షర్‌లోని లీడ్స్ వెళ్ళాను. మొదటి ఏడాది ఇంగ్లండు అంటే నాకు ఆఫీసు, ఇల్లు, సూపర్‌మార్కెట్, శనివారం ఎవరో ఒక తెలుగువాళ్ళింట్లో భోజనం. సెలవులొస్తే కారు అద్దెకు తీసుకుని లేక్ డిస్ట్రిక్ట్ వెళ్ళేవాళ్ళం. అద్దంలోంచి చూస్తే అంతా పచ్చగా, ఫోటోలకు బాగుండేది. అంతకుమించి ఆ నేలతో నాకు చుట్టరికం ఏమీ కలగలేదు.

2012 వేసవిలో ఆ దేశమంతా సైకిళ్ళ మాటే. జూలైలో బ్రాడ్లీ విగిన్స్ టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. బ్రిటన్ నుంచి ఆ పందెం గెలిచిన మొదటివాడు అతనే. సరిగ్గా వారానికి లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ రోడ్డు పందెంలో లిజ్జీ ఆర్మిట్‌స్టెడ్ జోరువానలో రజతం తెచ్చింది. ఆ అమ్మాయిది మాకు పక్కనే ఉన్న ఓట్లీ. మా ఆఫీసులో ఒక సైకిల్ స్కీము ఉండేది. కంపెనీ సైకిల్ కొనిస్తుంది, నెలనెలా జీతంలో పన్ను పడకముందే కొంత పట్టుకుంటుంది. అలా నేనూ ఒక రోడ్డు సైకిల్ తీసుకున్నాను. కిందికి వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు, 20 గేర్లు.

మాది రామచంద్రపురం. గోదావరి డెల్టాలో ఎత్తు అంటే కాలవ మీది వంతెనే. మా నాన్నగారు బడిపంతులు. హెర్క్యులస్ సైకిల్ మీద ద్రాక్షారామం అవతల ఊళ్ళో బడికి వెళ్ళొచ్చేవారు, రోజుకు పోనూ రానూ 20 కిలోమీటర్లు. వెనక క్యారియర్ మీద భోజనం క్యారేజీ, దిద్దాల్సిన పుస్తకాల కట్ట, రెంటినీ కలిపి బిగించిన పాత ట్యూబు ముక్క. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన ఒక్క గేరుతోనే తొక్కారు. ఆ చదును నేలకు అది చాలు. నేను కూడా ఆ సైకిల్ బారు కింద నుంచి కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ నేర్చుకున్నవాణ్ణే. సైకిల్ తొక్కడం వచ్చు అనే ధైర్యంతోనే యార్క్‌షర్‌లో రోడ్డెక్కాను. ఓట్లీ పైన చెవిన్ గుట్ట మొదటి మలుపులోనే దిగి నడిచాను.

అక్కడ ఆదివారం పొద్దున సైకిల్ క్లబ్బులు బయల్దేరడం చాలా పాత అలవాటు. సైకిల్ యాత్రికుల సంఘం 1878లో పుట్టింది మాకు దగ్గరలో ఉన్న హారోగేట్‌లోనే. నేను చేరింది చిన్న క్లబ్బు. పది పన్నెండు మంది వచ్చేవాళ్ళు. ప్లంబరు, నర్సు, రిటైరైన లెక్కల టీచరు, యూనివర్సిటీ పిల్లలు. వాళ్ళకి కొన్ని పద్ధతులుండేవి, ఎవరూ రాసి పెట్టినవి కావు. వెనక కారు వస్తే చివరివాళ్ళు కేకేస్తారు, ఆ కేక ఒకరి నుంచి ఒకరికి ముందుదాకా అందుతుంది. గుంత కనపడితే ముందువాళ్ళు చెయ్యి కిందికి చూపిస్తారు. చలికాలంలో మడ్‌గార్డులు తప్పనిసరి. అది మన బట్టల కోసం కాదు, వెనక వచ్చేవాళ్ళ మొహం మీద బురద చిమ్మకుండా. ఎవరి టైరు పంక్చరైనా అందరూ ఆగుతారు. ఎక్కుడు పైన చివరి మనిషి వచ్చేదాకా ఎవరూ కదలరు. మొదటి ఆర్నెల్లు ఆ చివరి మనిషిని నేనే. నా కోసం గాలిలో వణుకుతూ నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ విసుక్కోలేదు. ఆ సంగతి నేను మరచిపోలేదు.

పెద్దాయన అంటున్నది ఆ క్లబ్బులో అందరికంటే వయసైనాయన గురించి. అప్పటికి 70 దాటారు. సన్నటి స్టీలు ఫ్రేము సైకిల్, తోలు సీటు, దాని వెనక గుడ్డ సంచి. ఆ సంచిలోనే ఈ మ్యాపు. మా అందరి హ్యాండిళ్ళ మీదా జీపీఎస్ పెట్టెలుండేవి. ఆయన మాత్రం టీ హోటల్ బల్ల మీద ఈ మ్యాపు విప్పి, కప్పులు పక్కకు జరిపి, వేలితో చూపించేవారు.

మ్యాపు చదవడం నాకు నేర్పింది ఆయనే. రెండు సెంటీమీటర్లు అంటే నేలమీద ఒక కిలోమీటరు. ఎర్ర గీతలు పెద్ద రోడ్లు, వాటి జోలికి పోకు. పసుపు గీతలు పల్లెదారులు, మనవి అవే. పసుపు గీత మీద ఒక బాణం గుర్తుంటే ఏడుకు ఒకటి కంటే నిటారు, రెండు బాణాలుంటే అయిదుకు ఒకటి కంటే నిటారు. బాణం ఎప్పుడూ పల్లం వైపు చూస్తుంది. పసుపు గీత పక్కనే నీలం గీత వంకర్లు పోతుంటే, అంటే వాగు పక్కనే రోడ్డు పోతుంటే, ఆ దారి నెమ్మదిగా ఎక్కుతుంది. వాగును వదిలి రోడ్డు పక్కకు తిరిగిందంటే ఊపిరి దాచుకో.

మ్యాపులో లేనివి ఆయన పెన్సిల్‌తో రాసుకున్నారు. ఇక్కడ చర్చి గోడ పక్కన మంచినీళ్ళ కుళాయి. ఈ మలుపులో చెట్ల నీడన ఫిబ్రవరి దాకా మంచు కరగదు. ఈ ఇంటి గేటు దగ్గర గుడ్లు అమ్ముతారు, డబ్బాలో డబ్బులు వెయ్యాలి. ఈ దారి పడమటి గాలి రోజున వద్దు. అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది. అందుకని క్లబ్బు పద్ధతి ఏమిటంటే పొద్దున ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఎదురుగాలిలోకి వెళ్ళాలి, అలసిపోయి ఇంటికొచ్చేటప్పుడు వాలుగాలి దొరకాలి.

ఫోన్‌లో ఈ మాట చెప్తే మా నాన్నగారు వెంటనే అందుకున్నారు. "అదేరా మరి! పొద్దున బడికెళ్ళేప్పుడు గాలుండేది కాదు. సాయంత్రం సముద్రపు గాలి వెనక నుంచి తోసేసేది. ఆ గాలే లేకపోతే ఇంటికొచ్చాక మీకు పాఠాలు చెప్పే ఓపిక నాకెక్కడిది?" ఆయన ఆ గాలి గురించి మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. అమ్మ పక్కనుంచి, "ఆ రోడ్ల మీద లారీలు తిరుగుతాయా నాన్నా?" అని అడిగింది. గొర్రెలు తిరుగుతాయని చెప్పాను.

ఆ మ్యాపులో మధ్యన, లాంగ్‌స్ట్రాత్‌డేల్ నుంచి హాస్ ఊరికి వెళ్ళే పసుపు గీత మీద, నా చేతిరాతతో "పులిహోర" అని ఉంది. దాని వెనక కథ 2013 ఏప్రిల్‌ది.

ఆ ఏడాది మార్చిలో పడిన చలి అక్కడివాళ్ళు కూడా చాలా ఏళ్ళుగా చూడనిది. ఏప్రిల్ వచ్చినా ఎత్తు మీద గోడల నీడన మంచు గట్టిపడి ఉంది. లీడ్స్ నుంచి రైలెక్కి స్కిప్టన్‌లో దిగాం. ఆ రైళ్ళలో సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు. అక్కడ నుంచి వార్ఫ్ నది వెంట పైకి. కిల్న్‌సీ దగ్గర రోడ్డు మీదకు వంగి చూస్తున్నట్టుండే సున్నపురాతి కొండ, కెటిల్‌వెల్, బక్‌డెన్, ఆ పైన హబ్బర్‌హోమ్. ఈ హబ్బర్‌హోమ్‌లో వంతెన పక్కనే చిన్న రాతి చర్చి ఉంది. లోపలి ఓక్ బెంచీల మీద వెతికితే చెక్కలో చెక్కిన బుల్లి ఎలుక దొరుకుతుంది. రాబర్ట్ థామ్సన్ అనే వడ్రంగి తాను చేసిన సామాను మీద పేరుకు బదులు ఎలుకను చెక్కేవాడు. ఆ ఎలుకను వేలితో తడిమి గాని మా పెద్దాయన బయల్దేరేవారు కాదు.

చర్చి దాటాక లోయ ఇరుకవుతుంది. రోడ్డు, నది పక్కపక్కనే పోతాయి. నది అంటే అక్కడ మన పంటబోదె అంత. చదును రాతి పలకల మీద జారుతూ, అడుగు కనపడేంత తేటగా ఉంటుంది. గడ్డి అంచునే గొర్రెలు, అప్పుడే పుట్టిన పిల్లలు. యోకెన్‌త్వైట్, ఔటర్‌షా లాంటి పేర్లు. ఈ థ్వైట్, బెక్, గిల్, ఫెల్ అన్నీ వెయ్యేళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డ వైకింగుల మాటలట. ఇంగ్లిషువాళ్ళు అని మనం ఒకే ముద్దగా అనుకుంటాం గానీ, ఆ లోయలో వాగుకు ఒక భాష, ఊరికి ఒక భాష.

ఔటర్‌షా దాటగానే రోడ్డు నదిని వదిలేసింది. ఆ పైన ఫ్లీట్ మాస్. 589 మీటర్లు, యార్క్‌షర్‌లో అంతకంటే ఎత్తైన తారురోడ్డు లేదు. చెట్టు లేదు, గోడ లేదు, గోధుమరంగు బురదగడ్డి, దాని మీద ఆకాశం. సన్నగా వాన మొదలైంది. పొద్దున తిన్న రెండు బ్రెడ్డు ముక్కలు ఎప్పుడో కరిగిపోయాయి. శిఖరానికి ఇంకా కిలోమీటరు ఉందనగా నా కాళ్ళు ఆగిపోయాయి. అలసట కాదది. ఒంట్లో దీపం ఎవరో ఆర్పేసినట్టు. చేతులు వణుకుతున్నాయి, ఎందుకో తెలియని ఏడుపు వస్తోంది. సైకిలిస్టులకు ఈ స్థితి బాగా తెలుసు, ఒంట్లో నిల్వ ఉన్న చక్కెర అయిపోతే ఇలాగే అవుతుంది. నాకు తెలియదు. గుండెకేదో అయిందనుకుని హడలిపోయాను.

పెద్దాయన వెనక్కి దిగి వచ్చారు. ఏమీ అడగలేదు. సంచిలోంచి మాల్ట్ లోఫ్ తీశారు. అది నల్లగా, జిగటగా, ఎండుద్రాక్ష వేసిన రొట్టె, అక్కడి సైకిల్‌వాళ్ళకు ప్రాణం. ముక్క తుంచి నా నోట్లోనే పెట్టారు, నా వేళ్ళు పట్టు తప్పాయి కనుక. తన గ్లౌజులు తీసి నాకు తొడిగారు. పది నిమిషాలు నా పక్కనే, గాలికి అడ్డంగా నిలబడ్డారు. అప్పుడాయన చెప్పిన కథే బెరిల్ బర్టన్‌ది.

బెరిల్ బర్టన్‌ది లీడ్స్ పక్కనే మోర్లీ. రూబార్బ్ పొలంలో కూలిపని చేసేది. రోడ్డు పందెంలో రెండుసార్లు, 1960లో, 1967లో, ప్రపంచ విజేత. 25 ఏళ్ళు వరసగా బ్రిటన్‌లో ఆడవాళ్ళ అత్యుత్తమ ఆల్‌రౌండర్, అంటే వేర్వేరు దూరాల పందేలు కలిపి చూస్తే మొదటి స్థానం, ఆవిడే. 1967లో జరిగిన 12 గంటల పందెంలో మగవాళ్ళు ముందు బయల్దేరారు, ఆడవాళ్ళు వెనక. ఒక్కొక్కరినీ దాటుకుంటూ చివరికి మగవాళ్ళలో మొదటి స్థానంలో ఉన్న మైక్ మెక్‌నమారాను పట్టుకుంది. అతనూ ఆ రోజు మగవాళ్ళ రికార్డు బద్దలుకొట్టే వేగంలోనే ఉన్నాడు. దాటిపోతూ ఆవిడ జేబులోంచి లికోరిస్ మిఠాయి, అంటే మన అతిమధురం వేసి చేసేది, తీసి అతని చేతికిచ్చింది. ఆ రోజు ఆవిడ తొక్కింది 277.25 మైళ్ళు, దాదాపు 446 కిలోమీటర్లు. 12 గంటల్లో అంత దూరం అప్పటిదాకా ఏ మగవాడూ తొక్కలేదు. "ఆవిడ మామూలు రోడ్ల మీద కూడా మమ్మల్ని దాటిపోయేది. దాటిపోతూ తప్పకుండా పలకరించేది," అన్నారాయన. ఆవిడ 1996లో పోయింది, సైకిల్ మీద ఉండగానే.

ఆ కథ అయ్యేసరికి నా చేతుల్లోకి వేడి వచ్చింది. పైకి తొక్కాను. అటు దిగుడు మరీ నిటారు, బ్రేకులు పట్టి పట్టి వేళ్ళు కొంకర్లు పోయాయి. హాస్‌లో చిన్న టీ హోటల్లో వేడి టీ, ఫ్రూట్ కేకు, దాని పక్కనే వెన్స్‌లీడేల్ ఛీజు ముక్క పెట్టారు. కేకుతో ఛీజేమిటని ఆశ్చర్యపోయాను. తిన్నాక అడగలేదు. బిషప్‌డేల్ మీదుగా తిరిగి స్కిప్టన్ చేరేసరికి 70 మైళ్ళు అయ్యాయి.

తర్వాతి ఆదివారం నుంచి మా ఆవిడ పులిహోర కట్టిచ్చేది, అల్యూమినియం ఫాయిల్‌లో గట్టిగా నొక్కి చిన్న ఉండల్లాగా. సైకిల్ మీద పులిహోరను మించిన తిండి లేదని నేను గట్టిగా నమ్ముతాను. అన్నం బలం ఇస్తుంది, ఉప్పు చెమటకు సరిపోతుంది, చింతపండు నోరు ఎండనివ్వదు, చల్లారినా రుచి పోదు. క్లబ్బులో అందరికీ అలవాటైంది. వేరుశనగలు ఎక్కువ వెయ్యమని నర్సమ్మ మా ఆవిడకు కబురు పంపేది. మళ్ళీ ఫ్లీట్ మాస్ ఎక్కినప్పుడు, నేను కూలబడ్డ చోటే అందరం ఆగి పులిహోర తిన్నాం. పెద్దాయన పెన్సిల్ నా చేతికిచ్చి ఆ చోట గుర్తు పెట్టమన్నారు. ఇంగ్లిషులో రాయబోతే వద్దన్నారు. "నీ భాషలో రాయి. నీకు కావలసినప్పుడు అదే నీకు ముందు కనపడుతుంది."

ఇవాళ నేలమీద మ్యాపు పరిస్తే మొదట కనపడింది అదే.

మిగతా గుర్తులూ ఉన్నాయి. మ్యాల్హమ్ దగ్గర "గేట్లు 3". రిబుల్‌హెడ్ వయాడక్ట్ పక్కన "టీ బండి", ఆ వంతెనకు 24 కమానులు. క్యాటిల్ గ్రిడ్‌లున్న చోటల్లా చిన్న ఇంటూ గుర్తు. పశువులు దాటకుండా రోడ్డుకడ్డంగా గోతి తవ్వి ఇనప కమ్మీలు పరుస్తారు, వానలో వాటి మీద సైకిల్ కాస్త వంకరగా పోయిందా, మనిషి నేలమీదే. బటర్‌టబ్స్ దగ్గర "వెన్న" అని రాసుకున్నాను. స్వేల్‌డేల్ రైతులు హాస్ సంతకు పోతూ, రోడ్డు పక్కనున్న లోతైన సున్నపురాతి గుంతల్లోకి వెన్న దించి చల్లగా ఉంచుకునేవాళ్ళట, అందుకే ఆ పేరు అంటారు.

2014లో టూర్ ద ఫ్రాన్స్ మా ఊరి నుంచే మొదలైంది. జూలై 5, శనివారం, లీడ్స్ నుంచి హారోగేట్‌కు 190 కిలోమీటర్లు. మేం ప్రతి ఆదివారం తొక్కే రోడ్లే. అమ్మానాన్నలను ఆ జూన్‌లోనే రప్పించుకున్నాను. ఆ రెండు నెలలు యార్క్‌షర్ పెళ్ళిల్లులా ఉంది. పాత సైకిళ్ళకు పసుపు రంగు వేసి గోడలకు, గేట్లకు వేలాడదీశారు. ముసలమ్మలు ఊలుతో బుల్లి జెర్సీలు అల్లి తోరణాలు కట్టారు. కొన్ని గొర్రెలకు కూడా పసుపు పూశారు. అది చూసి అమ్మ, "మన సంక్రాంతి ఎడ్లలాగే ఉన్నాయి," అంది.

స్కిప్టన్ బజారులో నిలబడ్డాం. జనం మేడల కిటికీల్లో, స్తంభాల మీద. ముందు ముగ్గురు దూసుకుపోయారు, వాళ్ళలో ఒకరు యెన్స్ ఫోక్ట్, అప్పటికి 42 ఏళ్ళు. ఆ వయసు చెప్పగానే నాన్నగారు మళ్ళీ చూడాలని మునివేళ్ళ మీద లేచారు గానీ అతనప్పటికే మలుపు తిరిగిపోయాడు. తర్వాత అసలు గుంపు. బయల్దేరినవాళ్ళు 198 మంది. చూడడానికి నిమిషం కూడా పట్టలేదు. ముందు ఒక చప్పుడు వచ్చింది. వందల చైన్లు, టైర్లు కలిసిన చప్పుడు, పెద్ద వాన తాటాకుల మీద మొదలైనట్టు. తర్వాత రంగులు. తర్వాత గాలి మొహానికి తగిలింది. అంతే. నాన్నగారు చాలాసేపు ఏమీ అనలేదు. రైల్లో ఇంటికొస్తుంటే అన్నారు: "ఒకళ్ళ వెనక ఒకళ్ళు ఎంత దగ్గరగా పోతున్నార్రా! ముందువాడి మీద అంత నమ్మకం ఉండాలి." సాయంత్రం టీవీలో హారోగేట్ ముగింపు చూశాం. మార్సెల్ కిట్టెల్ గెలిచాడు. అమ్మమ్మగారి ఊళ్ళో గెలవాలని వచ్చిన మార్క్ కావెండిష్ ఆఖరి క్షణంలో పడిపోయి భుజం పట్టుకుని కూర్చుంటే అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఆ మరుసటి వారం, ఆదివారం నాడు, పెద్దాయన తన కారులో వచ్చి మా అందరినీ కొండల్లోకి తీసుకెళ్ళారు. కారు పైన ఒక సైకిల్ కట్టి ఉంది. బటర్‌టబ్స్ ఎక్కుడులో రోడ్డు మీద అభిమానులు సున్నంతో, రంగులతో రాసిన పేర్లు ఇంకా చెరగలేదు. నాన్నగారు ఒక్కొక్క పేరూ కూడబలుక్కుంటూ చదివారు. మ్యూకర్ దగ్గర గడ్డి కోసే రోజులవి. పొలానికొక రాతి కొట్టం, పైన గడ్డి, కింద పశువులు. "ఇవి మన మకాంలేరా, రాతితో కట్టుకున్నారు," అన్నారు. రాళ్ళ గోడల దగ్గర మళ్ళీ ఆపించారు. సిమెంటు, సున్నం ఏమీ లేకుండా రెండు వరసలు పేర్చి, మధ్యలో చిన్న రాళ్ళు కూరి, అక్కడక్కడా రెంటినీ కలుపుతూ పొడవాటి రాయి అడ్డంగా వేస్తారు. కారు దిగి ఆ అడ్డరాయిని చేత్తో కదిపి చూసి, కదలకపోతే తృప్తిగా తల ఊపారు.

పెద్దాయన యాస నాన్నగారికి అందేది కాదు. నాన్నగారి బడి ఇంగ్లిషు ఆయనకు అందేది కాదు. మధ్యలో నేను. కానీ కెటిల్‌వెల్ దగ్గర కారు ఆపి పైనున్న సైకిల్ దించగానే నా అవసరం తీరిపోయింది. అది ఆయన భార్య తొక్కిన పాత ర్యాలీ, నల్లది, మూడు గేర్లది. ఆవిడ పోయాక దాన్ని ఎవరూ తొక్కలేదు. నూనె వేసి, గాలి కొట్టి తెచ్చారు. నాన్నగారు ముందు చైను కవరు తట్టారు, సీటు తోలు నొక్కారు, డైనమోను టైరుకు ఆనించి చక్రం తిప్పారు. దీపం వెలిగింది. ఇద్దరూ నవ్వారు. నాన్నగారు తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మై సైకిల్, హెర్క్యులస్," అన్నారు. పెద్దాయన మొహం మారిపోయింది. తాను 14వ ఏట, ఇంటింటికీ పేపర్లు వేసిన డబ్బుతో సెకండ్‌హ్యాండులో కొన్న మొదటి సైకిల్ కూడా హెర్క్యులస్సేనట.

అప్పుడు మాత్రం నేను కల్పించుకున్నాను. హెర్క్యులస్ బర్మింగ్‌హామ్ కంపెనీ. 1949లో బ్రిటన్ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మనవాళ్ళు మద్రాసులో టీఐ సైకిల్స్ పెట్టాక ఆ పేరుతో సైకిళ్ళు మన దగ్గరే తయారయ్యాయి. నాన్నగారు 1972లో మొదటి జీతాల మీద కొన్నది ఆ మద్రాసుదే. ఇద్దరి సైకిళ్ళదీ ఒకే ఇంటిపేరు.

కెటిల్‌వెల్ పక్కనే లిట్టన్‌డేల్. ఆ లోయలో హాక్స్‌విక్ నుంచి ఆర్న్‌క్లిఫ్‌కు ఒక సన్నటి దారుంది. కారు ఒకటి పడితే ఇంకోటి పట్టదు. ఒక పక్క స్కిర్‌ఫేర్ వాగు, ఇంకో పక్క గోడ, గోడ మీద నాచు. ఎక్కుడు దాదాపు లేదు. పెద్దాయన ఆ మ్యాపంతా వెతికి మా నాన్నగారి కోసం ఆ దారి ఎంచారని నాకు తర్వాత అర్థమైంది. నాన్నగారు ప్యాంటు అంచు మడిచి సాక్సులోకి దోపుకున్నారు, బడికెళ్ళే రోజుల్లో లాగే. ఎడమకాలు పెడల్ మీద, కుడికాలితో నాలుగు కుప్పిగంతులు, పైకి లేచి సీటు మీద. ఆడవాళ్ళ సైకిల్‌కు ఆ ఎక్కుడు అక్కర్లేదు, అయినా ఆయన అలాగే ఎక్కారు. బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఆ దారిలో బెల్లు వినేవాళ్ళెవరూ లేరు, గొర్రెలు తప్ప.

నేను వెనకాలే నడిచి వెళ్ళబోతే పెద్దాయన నా భుజం పట్టి ఆపారు. మేం ముగ్గురం గోడ పక్కన నిలబడ్డాం. అమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని ఆ మలుపువైపే చూస్తోంది. అరగంట దాటాక ముందు బెల్లు వినపడింది, తర్వాత మనిషి. ఆర్న్‌క్లిఫ్ దాకా వెళ్ళి, అక్కడ ఊరి మధ్య పచ్చిక చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చారట. ఎవరో తలుపు తీసి గుడ్ మార్నింగ్ చెప్పారట. దిగాక మనిషి రొప్పుతున్నారు, కానీ వెన్ను నిటారుగా ఉంది. రిటైరయ్యాక ఆయన్ని అలా చూడలేదు నేను.

టీ ఫ్లాస్కు తీశాక కారు బానెట్ మీద మ్యాపు పరిచారు. ఈ రాతలేమిటని నాన్నగారు అడిగారు. కుళాయి, గాలి, మంచు అని చెప్పాను. "పులిహోర" చదివి నావైపు చూశారు, ఆ కథ చెప్పాను, అమ్మకు చెప్పొద్దన్నాను. పెద్దాయన పెన్సిల్ ముందుకు చాపారు. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, పిల్లల పుస్తకం దిద్దేటప్పుడు వంగినట్టు వంగి, చాలా జాగ్రత్తగా రాశారు. ఏం రాశారని పెద్దాయన అడిగితే చెప్పాను. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పించుకుని తల ఊపారు.

2016లో ఉద్యోగం మారి మేం ఇండియా వచ్చేస్తుంటే పెద్దాయన స్టేషన్‌కు వచ్చారు. చేతిలో ఈ మ్యాపు. నాకిక దారులన్నీ కంఠస్థమే అన్నారు. ఆయన క్రిస్మస్ కార్డు 2020 దాకా వచ్చింది. నాన్నగారు 2019లో పోయారు. ఆ హెర్క్యులస్ రామచంద్రపురం ఇంట్లో మెట్ల కింద ఉంది, మొన్న పండక్కి వెళ్ళినప్పుడు టైర్లు మార్పించాను.

హాక్స్‌విక్, ఆర్న్‌క్లిఫ్ మధ్య ఆ పసుపు గీత సన్నగా, వెంట్రుకలా ఉంటుంది. దాని పక్కన తెల్లగా ఉన్న చోట, గుండ్రటి పంతులుగారి అక్షరాలు, కింద తేదీ:

"ఇక్కడ నేల మనదానిలాగే చదును. గాలి లేదు. 13-7-2014."